ముంజ ఏ కాలికి?

మాదాపూర్, 1999 మే నెల, ఒక సోమవారం మధ్యాహ్నం. కడుతున్న బిల్డింగు వెనకాల రేకుల గుడిసె. మంచం మీద రెండు కాళ్లకూ కట్లతో సెంట్రింగు మేస్త్రి సాయిలు. పొయ్యి దగ్గర అతని భార్య రుక్కమ్మ. గుమ్మంలో, చేతిలో ఐసు డబ్బాతో, పక్క వీధిలోని మందుల ల్యాబు నుంచి వచ్చిన ఝాన్సీ.

"ఆగు బిడ్డా, ఆగాగు! ఎనకకు పో. మళ్ల రా. కుడికాలు ముందుగాల పెట్టి రా."

"రుక్కమ్మ గారూ, ప్రతి సోమవారం ఇదే గొడవండీ. బయట ఎండకి మాడి చస్తున్నాను."

"సచ్చినా కుడికాలు పెట్టే సావాలె. ఆఁ... గట్ల. ఇగ రా, కూసో. ఛాయ్ తాగుతవా?"

"ఎండ అంటుంటే ఛాయ్ అంటారేంటండీ! ఏం వద్దు. సాయిలు గారూ, ఎలా ఉన్నారు? మూడు వారాలు అయిపోయాయి. ఇవాళ కట్లు విప్పి చూసేద్దాం."

"మీరు సూడుండ్రి మేడం. నేను సూడను. మీరు ఇప్పుకోండ్రి, మీరు సూస్కోండ్రి, మళ్ల మీరే కట్టుండ్రి. అయిపోయినంక జెప్పుండ్రి, కండ్లు తెరుస్త."

"మీ కాళ్లేనండీ అవి."

"నా కాళ్లే. కాదన్ననా? గని పుండు జూస్తే నాకు కండ్లు తిరుగుతయి."

"బిడ్డా, గీయన ఆరో అంతస్తుల ఒంటి దూలం మీద బీడీ తాగుకుంట నడుస్తడు. సూదిమొనంత నెత్తురు జూస్తే కట్టె లెక్క కూలుతడు. సిమెంటు కాళ్లను తిన్ననాడు గూడ గంతే."

"నువ్వు గా సంగతి తియ్యకే రుక్కీ."

"తీస్త. స్లాబు పోసేనాడు బూట్లు పగిలినయని మొత్తుకున్న, ఇన్నడా? సిమెంటు నీళ్లు బూట్లల్లకు పోయినయి. దినమంత గా నీళ్లల్లనే నిలవడ్డడు. పొద్దుమీకి బూట్లు ఇప్పితే రెండు కాళ్ల మీద తోలు లేదు. గది జూసి దభీమని పడ్డడు. కాళ్లు పోయినయనుకుంటే నెత్తికి గూడ బొప్పి!"

"నెత్తి సంగతి మేడం ముందల తియ్యకు. నెత్తికి గూడ ముంజ పెడ్తనంటది."

"ముంజ కాదండీ. పుండు మానడానికి నేను చేసిన హైడ్రోజెల్ షీటు. ఎన్నిసార్లు చెప్పాను? హై... డ్రో... జెల్."

"మేడం, తెల్లగున్నది, మెత్తగున్నది, సల్లగున్నది, ఒత్తితే నీళ్లు ఊరుతున్నయి. దాన్ని తాటిముంజ అనక ముల్లంగి అంటమా?"

"సరే, అనండి. ఏం చేస్తాం. కూకట్‌పల్లిలో మా అమ్మ కూడా, మా అమ్మాయి ల్యాబులో జున్ను తయారుచేస్తుందని వాడంతా చెబుతోంది. మూడేళ్లు కళ్లు కాయలు కాసేలా కూర్చుని నేను సాధించింది ఏమిటయ్యా అంటే, ఒకరికి జున్నూ, ఒకరికి ముంజా."

"జున్నైతే మంచిగుండు. తిందుము."

"తినకండి మహానుభావా! అందులో నూటికి తొంభై పాళ్లు నీళ్లే గానీ, పుండులో పురుగు పట్టకుండా కాస్త వెండి కూడా ఉంది."

"గా వెండి ముచ్చట మాత్రం నాకు నచ్చింది బిడ్డా. వెండి కాళ్లకు పెట్టేదే. బంగారమైతే నడుము కిందికి రానియ్యరు. గని గన్ని నీళ్లెందుకు? పుండన్నంక ఆరాలె. మీరేమో నానవెడ్తరు. కొమురయ్య సున్నం రాయమన్నడు."

"సున్నమా! రాయలేదు కదా? కొమురయ్య ఎవరండీ మధ్యలో?"

"ఇంకో మేస్త్రి. గురువారం పైఅంతస్తు స్లాబున్నది. ఈయన కాలు మానకుంటే గా పని కొమురయ్యకు పోతది."

"ఓహో. అందుకా సున్నం."

"గందుకే! నేను గంత తెలివి తక్కువదాన్నా? ఆయన చెప్పిన సున్నం ఆయన తమలపాకుకే రాసుకొమ్మన్న."

"మేడం, మీ నడుముకు ఏదో కూసింది. పురుగు గిన పట్టిందా?"

"పేజరండీ. మా రామ్మోహనరావు గారు. ఆయన మా ల్యాబు పెద్ద. ఏమంటున్నారంటే... 'నాలుగు గంటలకు సీతారామాంజనేయులు గారి రాక. పేషెంటు సంగతి తేల్చు. షీటు భద్రం. అదొక్కటే ఉంది.'"

"ఎవలు మేడం గాయిన, రైలుబండంత పేరు?"

"ల్యాబు ఆయనదండీ. జెల్ పనిచేస్తే ల్యాబు ఉంటుంది. పనిచేయకపోతే నా బీకర్లన్నీ బయట పడేసి, ఆ గదిలో కంప్యూటర్ క్లాసులు పెడతాడు. వచ్చే ఏడాదికి కంప్యూటర్లన్నిటికీ ఒక జబ్బు వస్తుందట. రెండువేల సంవత్సరం రాగానే తేదీలు తికమకపడి ఆగిపోతాయట. దాన్ని బాగుచేసేవాళ్లు కావాలని అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా ఎక్కడ చూసినా అదే చదువు."

"కంప్యూటర్లకు రోగమా? మరింకేంది, ముంజ పెట్టు."

"నవ్వకండి సాయిలు గారూ. నన్ను కూడా అందులో కూర్చోమంటున్నారు. మీ పుండు మానకపోతే నేను కంప్యూటరు ముందు కూర్చోవాలి. నాకు ఇదొక్కటే వచ్చండీ. ఇదొక్కటే ఇష్టం."

"ఇగ పరేషాన్ గాకు బిడ్డా. మంచిగైతది. ఛాయ్ పెట్టనా?"

"వద్దన్నాను కదండీ. సరే, ముందు ఎడమకాలు. జెల్ పెట్టింది దీనికే కదా."

"మొదటినాడు నా మొగని కాళ్ల మీద రూపాయి బిళ్ల ఎగరేసినవు గాదు బిడ్డా? బొమ్మా బొరుసా అని."

"అది పద్ధతండీ! రెండు కాళ్లకీ ఒకేలాంటి పుండు. ఒకదానికి జెల్, ఒకదానికి దవాఖానాలో ఇచ్చే మామూలు మందూ గుడ్డా. ఏది ముందు మానుతుందో చూడాలి. నేనే కాలు ఎంచుకుంటే, ఏది తేలిగ్గా మానేలా ఉందో దాన్నే ఎంచుకున్నానంటారు. అందుకని బిళ్ల ఎగరేశాం. దవాఖానా డాక్టరు గారు కూడా పక్కనే ఉన్నారు."

"మనిషి కాళ్లతోని జూదమాడి, డాక్టరును సాక్షికి పెట్టుకున్నరు."

"నాకు జూదం రాదండీ. వచ్చుంటే ఇలా ఉంటానా? మధ్యలో నన్ను కట్టు విప్పి చూడనివ్వలేదు కూడా మా సారు. నాకు ఆశ ఎక్కువట. మానకపోయినా మానినట్టే కనిపిస్తుందట. అందుకే గదా కట్టు మార్చడం మీకు నేర్పాను, వారం వారం షీట్లు ఇచ్చి పైపైన చూసి పోతున్నాను... ఇదిగో, విప్పుతున్నా. సాయిలు గారూ, కళ్లు మూసుకున్నారా?"

"మూసిన. మేడం, జర మెల్లగ. జర... అమ్మో!"

"ఇంకా ముట్టుకోలేదండీ."

"ముట్టుకుంటరని మొత్తుకున్న."

"ఇదిగో, పై గుడ్డ వచ్చింది. జెల్ వచ్చేస్తోంది, చూశారా, అంటుకోకుండా ఎంత చక్కగా... అయ్యో."

"ఏంది మేడం? ఏంది? అయ్యో ఏంది?"

"పచ్చిగా ఉంది."

"ఎంత పచ్చిగ?"

"మొదటిరోజు మీద ఏమంత తేడా లేదండీ. అంచులు ఎర్రగా... లోపల ఇంకా తడి. మూడు వారాలు. మూడు వారాలండీ!"

"ఛాయ్ పెడ్త."

"రుక్కమ్మ గారూ, కాసేపు ఆ ఛాయ్ గోల ఆపండి. కుడికాలు... కుడికాలు కూడా చూద్దాం. ఇదేమో మామూలు కట్టు. ఇది ఇంకా ఘోరంగా ఉండి ఉంటుంది, ఉండాలి... దేవుడా."

"మళ్ల ఏమాయె?"

"మానిపోయింది."

"ఏందీ?"

"మానిపోయిందండీ. శుభ్రంగా. కొత్త చర్మం వచ్చేసింది, చంటిపిల్లల బుగ్గలాగా."

"కుడికాలా? కుడికాలు మానిందా? రుక్కీ, ఇన్నవా! గురువారం స్లాబు మనదేనే! కొమురయ్య సున్నం పెట్టుకోవాలె ఇగ! నా కుడికాలు మానింది! మేడం, మీ నోట్ల చక్కెర వొయ్య... మేడం? మేడం ఏడుస్తున్నదా? రుక్కీ, నేను కండ్లు తెరవను, నువ్వు జూసి చెప్పు, ఏడుస్తున్నదా?"

"ఏడుస్తుంది."

"ఏం లేదండీ. చెమట."

"బిడ్డా, కాలు కుళ్లితే ఏడ్చే డాక్టర్లను జూసిన. కాలు మానితే ఏడ్చే డాక్టరమ్మను నిన్నే జూస్తున్న."

"నేను డాక్టర్ని కాదండీ. కెమిస్ట్రీ చదివాను. అదీ దండగే. మీకు అర్థం కావట్లేదు. నా జెల్ పెట్టిన కాలు అలాగే ఉంది. మామూలు మందు పెట్టిన కాలు మానింది. అంటే నా జెల్ పనికిరాకపోవడమే కాదు, మానేదాన్ని మాననివ్వలేదు కూడా. ఆయన కాలు మానిందని సంతోషించాలి. నాకు ఏడుపొస్తోంది. సిగ్గుగా ఉంది, అయినా వస్తోంది."

"గట్లనకు మేడం. అందరికి అన్ని పడయి. నాకు వంకాయ పడది."

"సాయిలు గారూ, నిజం చెప్పండి. ఆ పుండు మీద పసుపు గానీ..."

"నేను సూడనే సూడను మేడం, పసుపెట్ల పెడ్త?"

"బీడీ బూడిద?"

"బీడీ తాగుత, బూడిద కింద దులుపుత. కాలు మీద దులుపుతనా?"

"రుక్కమ్మ గారూ, మీరు?"

"నేనా? నేనేం జేసిన? నేనేం జెయ్యలే."

"షీట్లు కుండ పక్కనే చల్లటి చోట పెట్టారా?"

"పెట్టిన."

"చేతులు సబ్బుతో కడుక్కునే మార్చారా?"

"కడిగిన బిడ్డా. సబ్బు కరిగి సబ్బుబిళ్ల అగ్గిపుల్ల లెక్క అయ్యింది."

"ఎండలో పెట్టి ఆరబెట్టారా?"

"ఆరబెట్టలే."

"అన్ని షీట్లూ వాడారా? ఒక్కటీ పోలేదు కదా?"

"సబ్బు గూడ అయిపోవచ్చింది బిడ్డా."

"రుక్కమ్మ గారూ."

"ఒక్క ముక్క. ఒక్కటే ఒక్క ముక్క. వాచ్‌మెన్ లింగమూర్తి నెత్తికి పెట్టిన."

"నెత్తికా!"

"ఎండదెబ్బ తాకి పడ్డడు బిడ్డా. కండ్లు తేలేసిండు. సల్లగుంటదని నెత్తి మీద ఏసిన. లేచి కూసుండి, గిది ఏం ముంజమ్మా మస్తున్నది అన్నడు."

"అది మళ్లీ తెచ్చి ఈయన కాలికి..."

"ఛీ! లింగమూర్తి నెత్తి మీదిది నా మొగని కాలికి పెడ్తనా? పారేసిన. కుక్క ఎత్తుకపోయింది."

"కుక్క ఏమైంది?"

"మంచిగనే ఉన్నది. గా సందుల తిరుగుతుంది."

"బాగుంది. లింగమూర్తి బాగున్నాడు, కుక్క బాగుంది, ఎటొచ్చీ పుండున్న కాలొక్కటే బాగుపడలేదు. ఇంక చాలండీ. నాలుగింటికి వెళ్లి, అయ్యా, మూడేళ్లు చేసింది తాటిముంజ అని చెప్పేస్తాను. వాళ్లు కంప్యూటర్లు తెచ్చుకుంటారు."

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం. మీ ముంజ ఖరాబు సామాను గాదు. పుండు సంగతేమో గని, హాయి మాత్రం మస్తుండె. అబద్ధమెందుకు?"

"ఓదార్చకండి సాయిలు గారూ."

"ఓదార్పు గాదు, ఒట్టు. రాత్రి గీ రేకుల కింద ఒళ్లంత కుతకుత ఉడుకుతది గద. గా టైముల కుడికాలొక్కటి కుండల పెట్టినట్టు సల్లగుంటుండె."

"ఎడమకాలండీ."

"కుడికాలు."

"జెల్ పెట్టింది ఎడమకాలికండీ."

"గది మీకు ఎర్క. నాకు సల్లగున్నది మాత్రం కుడికాలు. ఎడమకాలైతే భగభగ. కట్టు ఇప్పిన్నాడల్ల గుడ్డ పుండుకు అతుకవడి, తోలుతోని లేసొస్తుండె. నేను మొత్తుకుంటుంటే గీమె, మొగోనివి గాదా నోరు ముయ్యి అంటుండె. కుడికాలు మాత్రం ఇప్పింది కూడా ఎర్కకాకపోవు."

"ఆగండి. గుడ్డ అతుక్కుంది ఎడమకాలికా?"

"ఎడమకే."

"జారిపోయినట్టు, తెలియకుండా వచ్చింది కుడికాలికా?"

"కుడికే. గట్లెందుకు అడుగుతున్నరు మేడం? నాకు కండ్లు మూస్కుంటే భయమైతుంది."

"రుక్కమ్మ గారూ."

"ఛాయ్ పొంగుతుంది."

"పొయ్యి వెలిగించనే లేదండీ మీరు. ఇటు తిరగండి."

"అగ్గిపెట్టె దేవులాడుతున్న."

"రుక్కమ్మ గారూ, ఇటు చూడండి. జెల్ ఏ కాలికి పెట్టారు?"

"నువ్వు ఏ కాలికి చెప్పినవో..."

"ఏ కాలికి పెట్టారు?"

"పోలీసోళ్లకు చెప్తవా?"

"చెప్పను."

"ఈయన ఏలిముద్ర ఏసిండు గద కాయితం మీద. దానికేమన్న కాదు గద?"

"ఏమీ కాదండీ తల్లీ, చెప్పండి!"

"కుడికాలికి."

"రుక్కీ!"

"నువ్వు నోరు ముయ్యి. కండ్లు మూసినోనివి నోరు గూడ ముయ్యి. బిడ్డా, నాకేమన్న పిచ్చా? గురువారం స్లాబు. కొత్త స్లాబు మీద మేస్త్రి కుడికాలు పెట్టి కొబ్బరికాయ కొట్టంది ఒక్క కూలోడు పైకెక్కడు. మొగడు కుంటుకుంట ఎడమకాలు పెడ్తే రేపు ఎవలు జారినా, ఎవలు పడ్డా, సాయిలు ఎడమకాలు పెట్టిండు గందుకే అంటరు. పెండ్లికి కుడికాలు. కొత్తింట్లకు కుడికాలు. నువ్వొచ్చి మంచి మందంత, వెండి మందంత తీసుకపోయి ఎడమకాలికి పెడ్తవు. ఎందుకయ్యా అంటే రూపాయి బిళ్ల చెప్పింది! రూపాయి బిళ్లకేం ఎర్క, స్లాబు ఉన్నదని?"

"ఎప్పట్నుంచి?"

"మొదటినాడే. నువ్వు గా మలుపు తిరిగినవో లేదో మార్చేసిన."

"ఒక్కరోజు కూడా ఎడమకాలికి పెట్టలేదా?"

"పెట్టిన. సోమవారం సోమవారం పొద్దుగాల. నువ్వొచ్చే యాళ్లకు."

"ఎందుకూ?"

"నువ్వు నొచ్చుకుంటవని. ఎండల వడి వస్తవు, పైనుంచి వంగి చూస్తవు, 'భలే పెట్టారు రుక్కమ్మ గారూ' అంటవు. గంత మంచిగ అంటుంటే ఎట్ల చెప్త? నువ్వు పోయినంక మళ్ల మారుస్తుంటి."

"రుక్కమ్మ గారూ..."

"తిట్టు బిడ్డా. తిడితే పడ్త."

"మీ నోట్లో చక్కెర పొయ్య!"

"ఏంది?"

"మానింది నా జెల్ పెట్టిన కాలండీ! మానంది పెట్టని కాలు! నా జెల్ పనిచేసింది! సాయిలు గారూ, పనిచేసిందండీ! ముంజ పనిచేసింది!"

"మేడం, మంచం ఊపకుండ్రి. ఇప్పుడు నవ్వుతుందా, ఏడుస్తుందా రుక్కీ?"

"రెండు."

"అబ్బ! రుక్కమ్మ గారూ, ఒక్కముక్క ముందు చెప్పొచ్చు కదా. నాకు గుండె ఆగిపోయింది. ఇంక పరిగెత్తుకెళ్లి మా సారుకి... అయ్యో. అయ్యో, అయ్యో."

"మళ్ల ఏమాయె?"

"మా సారు ఆ ల్యాబు యజమానికి జెల్ ఎడమకాలికి అనే చెప్పి ఉన్నారండీ. ఇప్పుడు ఈయన్ని తీసుకెళితే ఎడమకాలు పచ్చిగా కనిపిస్తుంది. పేషెంటు భార్య మార్చేసిందండీ అంటే ఎవరైనా నమ్ముతారా? ఓడిపోయి కబుర్లు చెబుతోందంటారు."

"గంతేనా? ఆయన ఎదురుంగ కూసుంటడు గద మేడం. నా కుడికాలు ఆయన ఎడమచేతి దిక్కే ఉంటది. ఎడమదిక్కుది మానింది సారు అని చెప్పుండ్రి. అబద్ధం గాదు."

"సాయిలు గారూ, మీరు సెంట్రింగు కాదు, రాజకీయాల్లో ఉండాల్సినవాళ్లు. వద్దండీ. దీంట్లో కూడా అబద్ధం చెబితే ఇంక నాకూ కంప్యూటర్ క్లాసే మేలు."

"అబద్ధమెందుకు? నేనొస్త."

"మీరా?"

"ఆఁ. మార్చింది నేను. నేను గాక ఎవలు చెప్తరు? గీయన చూడలే. నిన్ను చూడనియ్యలే. మూడు వారాలు గీ పుండ్లను చూసిన కండ్లు నాయి రెండే. ఏనాడు ఎట్లున్నదో, ఎప్పుడు ఎండిందో, ఎప్పుడు తోలొచ్చిందో గా రైలుబండి సారుకు నేనే చెప్త. ఎందుకు మార్చినవంటే గది గూడ చెప్త. ఆయన తన ఇంట్లకు ఏ కాలు పెట్టి పోయిండో అడుగుత."

"అడిగేలాగే ఉన్నారు మీరు."

"అడుగుత. నాకేం భయం?"

"ఇందాక పోలీసులన్నారు!"

"గది ఇందాక. ఇప్పుడు మానింది గద."

"మేడం, మీ పురుగు మళ్ల కూసింది."

"'వచ్చేశారు. పేషెంటుతో రా. షీటు మరువకు. ఆయన చేత్తో పట్టుకుని చూస్తారట.' గంట ముందే వచ్చేశాడు మహానుభావుడు! లేవండి, లేవండి. ఆటో ఎక్కడ దొరుకుతుంది? ఈ కట్లు మళ్లీ కట్టేస్తాను. రుక్కమ్మ గారూ, ఆ గుడ్డ ఇలా ఇవ్వండి, ఎడమకాలికి."

"మళ్ల గుడ్డనేనా?"

"మరి?"

"గా డబ్బల ఏమున్నది?"

"చివరి షీటండీ. ల్యాబు మొత్తం మీద ఇదొక్కటే మిగిలింది. ఇంకోటి చెయ్యాలంటే ముందు ల్యాబు ఉండాలి కదా. ఇది ఆయనకి చూపించాలి."

"ఆయనకేమన్న పుండున్నదా?"

"లేదు."

"కాలు కాలిందా?"

"లేదండీ."

"మరి ఆయనకెందుకు? నేను తప్పు జేసిన బిడ్డా, కాదంటలేను. కుడికాలు పని అయిపోయింది. పాపం ఎడమది గట్లనే ఉన్నది. రెండు కాళ్లు నా మొగనియే."

"ఏందే రుక్కీ, డబ్బ మూత సప్పుడైంది? మేడం ఏం జేస్తుంది?"

"సాయిలు గారూ, ఎడమకాలు చాపండి."

"మేడం, సారు పట్టుకుని చూస్తడంట గద?"

"చూడమనండి. మీ కాలు పట్టుకుని చూస్తాడు."

"రైలుబండి సారా? నా కాలా?"

"అంత ముచ్చటైతే పట్టుకోవాలి మరి. ఇందాక కుడికాలు మానిందని ఏడ్చినదాన్ని, ఈ కాలిని ఇలా వదిలేసి వెళితే మా అమ్మ నాకు జున్ను కూడా పెట్టదు. కదలకండి... అయిపోయింది. ఎలా ఉంది?"

"అబ్బ... సల్లగ. మేడం, గిన్నొద్దులు కుడిది ఒక్కటే అనుభవించిందా గీ సుఖమంత?"

"ఇంక కళ్లు తెరవండి."

"వద్దు మేడం. ఆయన ముందల పడితే బాగుండది. నన్ను పట్టుకుని నడిపియ్యుండ్రి, మీ ల్యాబున్న గా గుండ్రం అద్దాల బిల్డింగుదాంక కండ్లు మూస్కునే వస్త."

"మా ల్యాబు అందులో కాదండీ, దాని వెనకాల సందులో."

"గంతేనా? నేను లిఫ్టు ఎక్కుతననుకున్న."

"జెల్ పనిచేస్తుందని ఒప్పుకుంటే లిఫ్టున్న చోటికే మారతాం, అప్పుడు తీసుకెళతాను. రుక్కమ్మ గారూ, మీరు అటుపక్క పట్టుకోండి. నెమ్మదిగా. గడప వచ్చింది, గడప. కుడికాలు ముందు. కుడికాలు, తెలుసులెండి రుక్కమ్మ గారూ, మీరు అరవక్కర్లేదు."

"ఆగు, ఆగాగు!"

"కుడికాలే పెడుతున్నాడండీ!"

"గందుకే ఆగమన్న. అయ్యా, గీసారి ఎడమకాలు ముందుగాల పెట్టు. మూడు వారాలు దాని నోరు గొట్టి కుడిదానికి పెట్టిన."